పాల చీటీలో పాయింటు

కలికిరి చుట్టుపక్కల పల్లెల్లో సాయంత్రం పాలు పోసి వచ్చిన ఇంట్లో రెండు కాగితాలుంటాయి. ఒకటి పాలకేంద్రం మిషన్లోంచి వచ్చిన చీటీ. లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు), లీటరు ధర, మొత్తం డబ్బు. దాదాపు ప్రతి సంఖ్యలోనూ ఒక చుక్క ఉంటుంది. రెండోది ఆరో తరగతి పాప లెక్కల నోటుపుస్తకం. అందులోనూ చుక్కలే. మొదటి కాగితాన్ని అమ్మ ఒక్క చూపులో చదివేస్తుంది. ఫ్యాట్ నిన్న 4.2 ఉండి ఇవాళ 4.0 పడితే, రెండు పాయింట్లు ఎందుకు తగ్గిందని అక్కడే నిలబడి అడుగుతుంది. రెండో కాగితం ముందు పెడితే మాత్రం, "నాకు లెక్కలు రావు పాపా, మీ నాయన వచ్చినాక అడుగు పో" అంటుంది.

ఆ తల్లికి దశాంశాలు వచ్చు. బాగా వచ్చు. ఆ సంగతి ఆమెకు తెలియదు, పాపకు తెలియదు, చాలాసార్లు బడికీ తెలియదు.

కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ నేలంతా రోజూ లెక్కలు వేసే నేల. టమాటా క్రేట్లు మండీకి వెళ్తాయి, పట్టుగూళ్లు తూకానికి వెళ్తాయి, పూటపూటకూ పాలు కేంద్రానికి వెళ్తాయి. కిలోకు రూపాయి తేడా వస్తే ఆ సీజన్ అప్పు తీరుతుందో లేదో చెప్పగలిగిన రైతులు ఇక్కడివాళ్లు. 2023 జూలై నెలాఖరులో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో రెండు వందల రూపాయలకు చేరువైనప్పుడు దేశమంతా ఇటు చూసింది. అదే టమాటా ధర పడిపోతే రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఈ ఊళ్లకు తెలుసు. ఆ రెండు రకాల రోజుల్లోనూ లెక్క తప్పని మనుషులు, పిల్ల హోంవర్కు దగ్గర చేతులెత్తేస్తున్నారు.

చేతులెత్తేయకూడదనడానికి కారణాలు కలికిరి, మదనపల్లెల్లోనే కనిపిస్తాయి. 2014లో ఇక్కడ సైనిక్ స్కూలు వచ్చింది. కోరుకొండ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో రెండోది. ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు మొత్తం 300 మార్కులైతే, ఒక్క లెక్కలకే 150. మదనపల్లె దగ్గర వలసపల్లెలో నవోదయ ఉంది. దాని ప్రవేశ పరీక్షలోనూ అంకగణితానికి 25 మార్కులు, అందులో దశాంశాలు తప్పవు. ఊరి పక్కనే ఉన్న ఆ గేట్లలోకి వెళ్లాలంటే పదేళ్ల పిల్ల ముందుగా ఈ చుక్కను దాటాలి.

అంగడి చుక్క, బడి చుక్క

ఇంత రోజువారీ పరిచయమున్న చుక్క నోటుపుస్తకంలో ఎందుకు భయపెడుతుంది? దానికి స్పష్టమైన కారణం ఉందని నా అభిప్రాయం. అంగట్లో చుక్క తర్వాత వచ్చే అంకెల సంఖ్య మారదు. బళ్లో మారుతుంది.

కాటా చూడండి. ఎలక్ట్రానిక్ కాటా మీద పావు కిలో పెడితే 0.250 అని పడుతుంది. మూడు వందల గ్రాములకు 0.300. ఎప్పుడూ మూడు అంకెలే. చుక్క తర్వాత ఉన్నవి గ్రాములని అందరికీ తెలుసు కాబట్టి 300 ఎక్కువా, 125 ఎక్కువా అని ఎవరికీ సందేహం రాదు. పట్టాదారు పాస్‌పుస్తకంలో చుక్క తర్వాత రెండు అంకెలు, అవి సెంట్లు. ఫ్యాట్‌కు ఒకటే అంకె. రూపాయలకు రెండు, పైసలు. ఒక్కో వస్తువుకు ఒక్కో ఏర్పాటు, దాన్ని ఎవరూ తప్పరు. అందుకే చదువు రానివాళ్లు కూడా వాటిని ధీమాగా చదువుతారు.

నోటుపుస్తకంలో ఆ ఏర్పాటు ఉండదు. 0.3, 0.125, 0.45 పక్కపక్కన పెట్టి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా రాయమంటారు. కిలో, ఎకరం, రూపాయి ఏదీ కనబడదు. ఒకదానికి ఒక అంకె, ఒకదానికి మూడు, ఒకదానికి రెండు. పిల్ల తనకు తెలిసిన పద్ధతిలో చూస్తుంది. 125 పెద్దది, తర్వాత 45, తర్వాత 3. అలాగే రాస్తుంది. తప్పు పడుతుంది.

ఈ తప్పు మన పిల్లలదే కాదు. 1989లో ప్రచురించిన అధ్యయనంలో లారెన్ రెస్నిక్, ఆమె సహ పరిశోధకులు అమెరికా, ఇజ్రాయెల్, ఫ్రాన్స్ పిల్లల్లో దీన్నే వివరంగా గమనించారు. చుక్క తర్వాత అంకెలు ఎక్కువుంటే పెద్ద సంఖ్య అనుకునే పిల్లలు కొందరు. దీనికి సరిగ్గా తిరగేసి ఆలోచించేవాళ్లు ఇంకొందరు. వెయ్యో వంతు చాలా చిన్నది కదా, కాబట్టి అంకెలు ఎక్కువున్నది చిన్నది అనుకుంటారు. ఆ పిల్లలు ఇవే మూడు సంఖ్యలను 0.3, 0.45, 0.125 అని రాస్తారు. సరైన వరుస 0.45, 0.3, 0.125. అంటే ఒకే ప్రశ్నకు మూడు రకాల జవాబులు, మూడు రకాల ఆలోచనలు. మీ ఇంట్లో పిల్లకు ఈ మూడింటినీ ఇచ్చి చూడండి. వరుసను బట్టి పాప బుర్రలో ఏం నడుస్తోందో తెలిసిపోతుంది. 0.3, 0.125 రెండే ఇస్తే మాత్రం తెలియదు. అంకెలు తక్కువున్నది పెద్దదనుకునే పిల్ల కూడా 0.3 పెద్దదనే చెబుతుంది, టీచరు టిక్కు పెడతారు, తప్పు లోపలే ఉండిపోతుంది. జవాబు సరైనదైనా "ఎట్ల చెప్పినావు?" అని ఒక్కసారి అడగాల్సింది అందుకే.

మందు ఇంట్లోనే ఉంది. ఆ మూడు సంఖ్యలనూ కాటా రాసినట్టు రాయమనండి. 0.300, 0.125, 0.450. మూడు వందల గ్రాములు, నూట ఇరవై ఐదు గ్రాములు, నాలుగు వందల యాభై గ్రాములు. ఇక చెప్పాల్సింది ఏమీ ఉండదు. చుక్క తర్వాత చివర్లో సున్నాలు చేర్చినా విలువ మారదన్న నియమం పుస్తకంలో ఒక వాక్యంగా ఉంటుంది. కాటా మీద అది కంటికి కనిపిస్తుంది.

కూడికలోనూ అంతే. 3.5కు 0.75 కలపమంటే, పూర్ణాంకాలను కలిపే అలవాటులో కుడివైపు చివరి అంకెలను ఒకదాని కింద ఒకటి రాసి, 35కూ 75కూ కూడిక చేసి 1.10 అని తేల్చేవాళ్లు ఉంటారు. మూడున్నర కిలోలకు ముప్పావు కిలో కలిపితే కిలో పైచిల్లర ఎట్లవుతుందని అడిగితే పాపే నవ్వుతుంది. నాలుగుంబావు అని నోటితో చెప్పేస్తుంది. అప్పుడు చుక్క కింద చుక్క పెట్టి, 3.50 కింద 0.75 రాస్తే 4.25 దానంతటదే వస్తుంది.

పాయింటు యాడ పెట్టాల?

గుణకారం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఇళ్లలో గొడవలన్నీ ఇక్కడే. నాలుగున్నర లీటర్ల పాలు, లీటరు 36 రూపాయల 80 పైసలు అనుకుందాం. పాప 36.80ని 4.5తో గుణించాలి. చివరి సున్నాకు విలువ లేదని టీచరు చెప్పింది గుర్తుంది కాబట్టి దాన్ని వదిలేసి 368ని 45తో గుణిస్తుంది. 16560 వస్తుంది. ఇంతవరకూ తప్పు లేదు. తర్వాత చుక్క పెట్టడానికి పైకి చూసి స్థానాలు లెక్కపెడుతుంది. 36.80లో రెండు, 4.5లో ఒకటి, మొత్తం మూడు. కుడి నుంచి మూడు అంకెలు దాటి చుక్క పెడితే 16.560. సున్నాను లెక్కలోంచి తీసేసింది, స్థానాల లెక్కలో మాత్రం ఉంచేసింది. నియమం తెలిసిన పిల్ల చేసే తప్పు ఇది. దీన్ని నియమంతో సరిదిద్దబోతే ఇద్దరూ అలసిపోతారు.

పాల చీటీ చదివే అమ్మ అయితే దీన్ని ఇంకో దారిలో పట్టుకోగలదు.

"మా, పాయింటు యాడ పెట్టాల?"

"పాయింటు సంగతి తర్వాత చూద్దాంలే. లీటరు ముప్పై ఏడు అనుకో. నాలుగు లీటర్లకు ఎంత?"

"నూట నలభై ఎనిమిది."

"ఇంకో అర లీటరుకు?"

"పద్దెనిమిదిన్నర. అంతా కలిపి నూట అరవై ఆరున్నర."

"మరి నువ్వు పదహారు రూపాయలని రాసినావే. పదహారు రూపాయలకు నాలుగున్నర లీటర్ల పాలు మనం పోస్తామా?"

పాప రబ్బరు తీసుకుంటుంది. జవాబు 165.60. చుక్క ఎక్కడ పెట్టాలో ఇప్పుడు నియమం చెప్పనక్కర్లేదు. 16560 అన్న అంకెల్లో నూట అరవై ఆరుకు దగ్గరగా ఉండేలా చుక్క పెట్టగలిగిన చోటు ఒకటే. ముందు ఉజ్జాయింపు, తర్వాత గుణకారం. ఈ క్రమం ఒక్కటి అలవాటైతే దశాంశాల్లో సగం తప్పులు ఇంట్లోనే ఆగిపోతాయని నా నమ్మకం. కాలిక్యులేటర్ చేతిలో ఉన్నా ఈ అలవాటు కావాలి. బటన్ తప్పు నొక్కితే చెప్పేది ఉజ్జాయింపే.

గుణిస్తే పెరగాలి, భాగిస్తే తగ్గాలి అన్న నమ్మకం పిల్లల్లో చాలా గట్టిది. 0.5ని 0.5తో గుణిస్తే 0.25 రావడం వాళ్లకు అన్యాయంగా తోస్తుంది. అరలో అర పావు అని అవ్వను అడిగినా చెబుతుంది. 0.6ని 0.2తో భాగిస్తే 3 వస్తుంది. ఆరు వందల మిల్లీలీటర్ల పాలను రెండు వందల మిల్లీలీటర్ల గ్లాసుల్లో పోస్తే ఎన్ని గ్లాసులు నిండుతాయో పోసి చూపించవచ్చు, ఐదు నిమిషాల పని.

నలభై ఐదు సెంట్లు ఎక్కడికి పోయాయి?

పాలకంటే, టమాటాకంటే మన ఇళ్లలో పాత దశాంశం భూమిది. ఇంగ్లండుకు చెందిన ఎడ్మండ్ గుంటర్ 1620లో సర్వేకు ఒక గొలుసు తయారుచేశాడు. పొడవు 66 అడుగులు, అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. అడుగుల్లో లెక్కిస్తే ఎకరం 43,560 చదరపు అడుగులు, నోరు తిరగని సంఖ్య. లింకుల్లో అయితే సరిగ్గా లక్ష చదరపు లింకులు. అందులో నూరో వంతు సెంటు. బ్రిటిష్ వాళ్ల సర్వేతో ఆ ఎకరాలూ సెంట్లూ మద్రాసు రాజధాని పల్లెల్లోకి వచ్చాయి. దేశానికి కిలోలూ మీటర్లూ రాకముందే మన తాతల పొలాలు నూటికి ఇంత అన్న లెక్కలో ఉన్నాయి.

పాస్‌పుస్తకంలో 2.35 అని ఉంటే రెండు ఎకరాల ముప్పై ఐదు సెంట్లు. ఇప్పుడు పాపను 2.5 ఎకరాలంటే ఎంత అని అడగండి. రెండు ఎకరాల ఐదు సెంట్లు అనే అవకాశం చాలా ఉంది. అది 2.05. రెండున్నర ఎకరాలకూ రెండు ఎకరాల ఐదు సెంట్లకూ మధ్య నలభై ఐదు సెంట్ల నేల ఉంది. కలికిరిలో ఎవరికీ ఆ తేడా విలువ చెప్పక్కర్లేదు. పాస్‌పుస్తకం రాసినట్టు 2.50 అని రాస్తే ఆ నలభై ఐదు సెంట్లు తిరిగొస్తాయి. శతాంశ స్థానం, దశాంశ స్థానం అంటూ బడి చెప్పే పాఠానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తోచలేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. చుక్క కనిపించిన ప్రతిచోటా దశాంశం ఉండదు. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. అక్కడి రికార్డులో 2.35 అంటే రెండు ఎకరాల ముప్పై ఐదు గుంటలు, అంటే మూడు ఎకరాలకు ఐదు గుంటలే తక్కువ. మన లెక్కలో అది 2.875 ఎకరాలు. క్రికెట్ స్కోరులో 18.4 ఓవర్లంటే పద్దెనిమిది ఓవర్ల నాలుగు బంతులు. 18.5 తర్వాత ఇంకో బంతి వేస్తే 19 అయిపోతుంది. రన్‌రేట్ కట్టాలంటే నాలుగు బంతులను ఆరుతో భాగించి 18.67గా మార్చుకోవాలి. బస్సు 2.30కి అంటే రెండున్నర గంటలకు. దశాంశంలో రెండున్నర 2.5. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లవాడు 0.6 వస్తే ఒకటి అయిపోతుందనుకోవడంలో వింత లేదు, రోజూ టీవీ చూపించేది అదే. ఈ చుక్క ఏ లెక్కది, పదుల లెక్కా, ఆరుల లెక్కా, అరవైల లెక్కా అని అడగడం నేర్పాలి.

చేతిలోంచి పోయిన పైసలు

ముందు తరానికి దశాంశం జేబులో ఉండేది. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయా పైసలు చేశారు. అంతకుముందు పదహారు అణాలు. 1964లో 'నయా' తీసేశారు. బరువులు, కొలతలు కూడా ఆ కాలంలోనే దశలవారీగా మెట్రిక్‌కు మారాయి. అణా అంటే ఆరుంబావు పైసలు. బేడ పన్నెండున్నర పైసలు, అంటే 0.125 రూపాయి. ఆ కాలం పెద్దవాళ్లను 0.125 ఎక్కువా, 0.3 ఎక్కువా అని కాగితం మీద అడిగితే తడబడతారేమో. బేడ ఎక్కువా, ముప్పై పైసలు ఎక్కువా అంటే తడబడరు.

2011 జూన్ 30తో పావలా, అంతకంటే చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చెల్లుతుందని చట్టం చెబుతున్నా అంగట్లో ఎవరూ తీసుకోరు. ఫోన్లో డబ్బు పంపితే చుక్క తర్వాత దాదాపు ఎప్పుడూ రెండు సున్నాలే. ఇప్పుడు ఆరో తరగతి చదివే పిల్లలు పైసలను చేత్తో పట్టుకుని లెక్కపెట్టిన పాపాన పోలేదు. నూరో వంతు అనేది ముట్టుకోగలిగిన వస్తువుగా వాళ్లకు ఇక మిగిలింది పాల చీటీ, కాటా, పాస్‌పుస్తకం, పెట్రోలు బంకు మీటరు. అందుకే వాటిని హోంవర్కు దగ్గరికి తేవాలంటున్నాను.

దశాంశ భిన్నాలు వ్యాపించిందీ ఇలా తూచే, కొలిచే మనుషుల కోసమే. సమర్‌కండ్‌లో గణిత శాస్త్రవేత్త అల్ కాషీ 1427 నాటికే వాటిని వాడాడు. ఐరోపాలో వాటికి ప్రచారం తెచ్చింది సైమన్ స్టెవిన్ 1585లో రాసిన చిన్న పుస్తకం. దాన్ని ఆయన అంకితమిచ్చింది భూమి కొలిచేవాళ్లకు, బట్ట కొలిచేవాళ్లకు, సారా పీపాలు కొలిచేవాళ్లకు, వర్తకులకు.

రెండు కాగితాలు కలవవు, కలపాలి

అంగడి లెక్క వస్తే బడి లెక్క దానంతటదే వస్తుందనుకుంటే పొరపాటు. 1985లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం బ్రెజిల్‌లోని రెసిఫే వీధుల్లో సరుకులు అమ్మే ఐదుగురు పిల్లలను పరిశోధకులు పరీక్షించారు. బేరం దగ్గర వాళ్లు చేసిన లెక్కల్లో 98 శాతం సరైనవి. అవే లెక్కలను కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే సరిగ్గా చేశారు. 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం 'నేచర్' పత్రికలో కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్ల గురించి ప్రచురించిన ఫలితం ఇంకా కలవరపెట్టేది. మార్కెట్లో పనిచేసే పిల్లలు చిక్కు బేరాలను నోటితోనే తేల్చేస్తున్నారు, బడి లెక్క ఇస్తే ఆగిపోతున్నారు. బడి లెక్కలు వచ్చిన పిల్లలు బేరం లెక్క ముందు ఆగిపోతున్నారు. రెండు తెలివితేటలూ ఒకే ఊళ్లో ఉండి ఒకదానికొకటి ఎదురుపడటం లేదు.

కాబట్టి ఎవరో ఒకరు కలపాలి. పాల చీటీ పక్కన నోటుపుస్తకం పెట్టి, ఇది అదే అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషికి డిగ్రీ అక్కర్లేదు. భయం మాత్రం ఉండకూడదు. షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు హోంవర్కులో తరచూ సాయం చేసిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లకూ భయం అంటుకుంది. తరచూ సాయం చేయని ఇళ్లలో ఆ నష్టం కనబడలేదు. "ఇది కూడా రాదా నీకు" అని తలమీద మొట్టికాయ వేసే నాయనకంటే, "నాకు పుస్తకం లెక్క తెల్దు, చీటీ లెక్క తెలుసు, రా ఇద్దరం చూద్దాం" అనే నాయన ఎంతో మేలు.

పుస్తకం కూడా ఇప్పుడు కాస్త కలిసొచ్చింది. తెలుగు మీడియంలో చదివిన తల్లికి టెన్త్స్, హండ్రెడ్త్స్ అంటే కొత్తగా ఉంటుంది. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా వస్తున్నాయి. ఆ తెలుగు పేజీ పిల్లకోసమే అనుకోవద్దు. దశాంశాలు, శతాంశాలు, సహస్రాంశాలు అన్న పాత మాటలు అక్కడ మీకోసం ఉన్నాయి.

ఈ కలపడాన్ని బడి స్థాయిలో చేసి చూపినవాళ్లు మన పక్కనే ఉన్నారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె పిల్లలకోసం చిన్న బడులు నడిపి, కార్డులతో చదువు చెప్పే పద్ధతి తయారుచేశారు. కర్ణాటక ప్రభుత్వ బడుల్లోని 'నలికలి' బోధన పద్ధతికి స్ఫూర్తి అదే. ఆ బడుల కార్యక్రమాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది మెట్రిక్ మేళా. పిల్లలే అంగళ్లు పెడతారు, తూస్తారు, కొలుస్తారు, ఊరివాళ్లను పిలిచి లెక్క కడతారు. పెద్దలకు వచ్చిన లెక్క, పిల్లలు నేర్చిన లెక్క ఒకే కాటా దగ్గర కలుస్తాయి. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ఆవరణలో 2017 నుంచి రామానుజన్ గణిత పార్కు ఉంది. అక్కడ లెక్కలను చేత్తో తాకి చూడవచ్చు. ఏ బడి అయినా ఏడాదికోసారి పిల్లలను తీసుకెళ్లదగిన చోటు.

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిపారు, మళ్లీ 2025 జూలైలోనూ. తల్లిదండ్రులు కూలి మానుకుని వచ్చే రోజు అది. హెడ్‌మాస్టర్లకు ఒక విన్నపం. తర్వాతి మీటింగుకు వచ్చేటప్పుడు ప్రతి ఇంటినీ ఒక పాల చీటీ గానీ, మండీ చీటీ గానీ, పాస్‌పుస్తకం జిరాక్సు గానీ తెమ్మనండి. ఒక అరగంట పిల్లలను అమ్మానాన్నల పక్కన కూర్చోబెట్టి, ఆ చీటీలోని అంకెలనే నల్లబల్ల మీద రాయించండి. తల్లులారా, మీటింగు దాకా ఆగనక్కర్లేదు. ఇవాళ సాయంత్రం పాలు పోసి వచ్చాక చీటీని పారేయకుండా పాప చేతికివ్వండి.